కరుణమ్మ గారు నొక్కనన్న బటన్

ఒక మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని తప్పు చోట నొక్కబోతుంటే, సరైన చోటు ఎక్కడుందో తెలిసి కూడా పక్కన నోరు మూసుకుని కూర్చోవడం. ఉద్యోగంలో చివరి మూడేళ్లు నేను చేసిన పని ఇదే. చెప్పుకోవడానికి ఏమీ లేని పనిలా ఉంటుంది. నాకు చేతకావడానికి మాత్రం ఏడాది పైనే పట్టింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి అనుభవాలు చెప్పమన్నారు. ప్రమోషన్లు, ఫైళ్లు, ఎవరు ఎవరి మీద పిటిషన్ పెట్టారు, అవన్నీ వదిలేస్తాను. మీకు పనికొచ్చేవి నా తప్పులే. అవి కావలసినన్ని ఉన్నాయి.

టీ తాగుతున్నవాడికి పని

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఊళ్లకు గ్రంథాలయాలు నడిపే ఒక సంస్థలో నేను కేటలాగు గుమాస్తాని. సంస్థ పేరు చెప్పను. అందులో ఇంకా జీతాలు తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు. కొత్త పుస్తకం వస్తే నంబరు వేసి, పేరు, రచయిత, పుటలు, విషయం కార్డు మీద రాయడం నా పని. పాతికేళ్లు పైగా అదే చేశాను.

మా అధికారి శేషగిరిరావు గారికి ఒకరోజు వెబ్‌సైట్ కావాలనిపించింది. పాఠకులు ఇంట్లోనే కూర్చుని ఏ పుస్తకం ఏ శాఖలో ఉందో చూసుకోవాలి, కావాలంటే తమ ఊరికి తెప్పించుకోవాలి. ఆలోచన మంచిదే. నెల్లూరులో ఒక చిన్న కంపెనీకి పని అప్పగించారు. అక్కడి నుంచి నస్రీన్ అనే ఇంజినీరు వచ్చింది. వాళ్ల నాన్నది చిన్నబజారులో గాజుల కొట్టు. పాఠకుల పక్కన కూర్చుని వాళ్లు సైట్ ఎలా వాడుతున్నారో చూసి రాసే మనిషి ఒకరు కావాలని ఆ అమ్మాయి అడిగింది. రావు గారు హాలంతా చూశారు. అందరూ అప్పటికప్పుడు ఏదో ఒక రిజిస్టరు తెరిచారు. నేను టీ తాగుతున్నాను.

"పెంచలయ్య గారూ, అందరికీ చూపించి, బాగుందని సంతకాలు పెట్టించుకు రండి," అన్నారు.

పరీక్ష అంటే అదే అనుకున్నాను. మా ఆఫీసులోనే అయిదుగురిని కూర్చోబెట్టి తలా ఒక పుస్తకం వెతకమన్నాను. అయిదుగురూ నిమిషంలో వెతికేశారు. నివేదికలో 'అద్భుతం' అని రాశాను. నస్రీన్ అది చదివి, వాళ్లు ఏం టైపు చేశారని అడిగింది. పుస్తకం నంబరు, మాకందరికీ నోటికొచ్చు కదా అన్నాను. ఆ నంబర్లు ఊళ్లోవాళ్లకు కూడా నోటికొచ్చా అని ఆమె మర్యాదగానే అడిగింది. నివేదిక చించేశాను.

సొంత ఆఫీసువాళ్లతో ఎప్పుడూ పరీక్షించకండి. వాళ్లకు దారి తెలుసు. తెలియకపోయినా తెలియదని చెప్పరు.

హాల్ టికెట్ ఎక్కడిస్తారు

బయటివాళ్ల కోసం కోట మండలంలో సముద్రం దగ్గరున్న ఒక శాఖకు వెళ్లాలనుకున్నాం. ఊరి పేరు రాస్తే ఆ ఊరివాళ్లు నన్ను వదలరు. వారం ముందే బోర్డు మీద నోటీసు అంటించాను: 'శనివారం పది గంటలకు వెబ్‌సైట్ పరీక్ష. ఆసక్తిగలవారు హాజరు కావలెను.'

శనివారం మేము కారు దిగేసరికి మెట్ల మీద ముప్పై మంది ఉన్నారు. అందరి చేతుల్లో అట్టలు, పెన్నులు. కొందరు ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు తెచ్చారు. ఒకాయన ఫొటో మీద గెజిటెడ్ అధికారి సంతకం కూడా చేయించుకొచ్చాడు. సిలబస్ ఏమిటని ఒకరు, హాల్ టికెట్ ఎక్కడిస్తారని ఒకరు, నెగెటివ్ మార్కులు ఉంటాయా అని ఒకరు. ఉద్యోగం కాదని చెప్పేసరికి పాతికమంది వెళ్లిపోయారు. వెళ్తూ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది.

మిగిలినవాళ్లలో టైలరు ఖాదర్ బాషా ఒకడు. యాభై దాటిన మనిషి. డిటెక్టివ్ నవలలు తప్ప ఏమీ చదవడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చాడు. పరీక్ష మీకు కాదు, వెబ్‌సైట్‌కు అని నస్రీన్ ఎంత చెప్పినా నమ్మలేదు. చెమటలు పట్టాయి. ఏది చూపించినా "బాగుండాది సారూ" అన్నాడు. కంప్యూటర్ ఇంకా ఆన్ కాకముందు కూడా అదే అన్నాడు.

నోటీసులో పరీక్ష అనే మాట రాసింది నేనే. రెండోసారి 'కొత్త వెబ్‌సైట్ తయారవుతోంది, మీ సాయం కావాలి' అని రాశాం. అయిదుగురే వచ్చారు. అయిదుగురూ నోరు విప్పారు.

మురుకులు

ఖాదర్ బాషాను ఒక డిటెక్టివ్ నవల వెతకమన్నాం. మౌస్ పట్టుకుని తెర మీద అటూ ఇటూ తిప్పాడు. నాకు ప్రాణం ఆగలేదు. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించాను. నొక్కాడు. దొరికింది. ఇద్దరం సంతోషించాం. నస్రీన్ మాత్రం తన పుస్తకంలో 'సార్ వేలు సైట్‌ను బాగా వాడింది' అని రాసుకుంది.

ఆ మరుసటి వారం నన్ను చేతులు కట్టుకుని కూర్చోమంది. కూర్చున్నాను. అయినా ఖాదర్ బాషా టకటకా సరైన చోటికి వెళ్లిపోతున్నాడు. వెబ్‌సైట్ బాగుపడిందనుకున్నాను. అతను తెర చూడటం లేదని, నా ముఖం చూస్తున్నాడని నస్రీన్ కనిపెట్టింది. మౌస్ సరైన బటన్ దగ్గరికి రాగానే నా కనుబొమలు పైకి లేస్తున్నాయట. అప్పుడు నన్ను అతని వెనక కూర్చోబెట్టింది. వెనక నుంచి దగ్గాను. కావాలని కాదు, గొంతు దానంతటదే సర్దుకుంటుంది.

చివరికి మా ఇంట్లోనే ఉపాయం దొరికింది. నోట్లో మురుకు ఉంటే మాట్లాడలేనని మా ఆవిడ చెప్పింది. డబ్బా నిండా చేసిచ్చింది. రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. మూడో వారం ఖాదర్ బాషా తల కొంచెం పక్కకు వంచి, చెవి నావైపు పెట్టి మౌస్ తిప్పుతున్నాడు. సరైన చోటు దగ్గర పడేకొద్దీ నేను మురుకు గబగబా నములుతున్నానట. "మీ పండ్ల చప్పుడు బట్టి పోతా ఉండా సారూ," అని ఒప్పుకున్నాడు.

అప్పటి నుంచి మురుకు నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. ఈ వృత్తిలో నేను సంపాదించిన నైపుణ్యం అంటూ ఉంటే అదే.

శోధన

రావు గారికి తెలుగు మీద అభిమానం ఎక్కువ. సైట్‌లోని మాటలన్నీ ఆయనే స్వయంగా కూర్చుని రాశారు. పుస్తకం వెతికే చోట 'శోధించు'. అడిగింది పంపే చోట 'సమర్పించు'. ఫారంలో రాసినదంతా చెరిపేసే చోట 'పునఃస్థాపించు'. మాటలు కుదిరాయని ఆయన చాలా సంతోషంగా ఉన్నారు.

కరుణమ్మ గారు ఆ ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయ్యారు. రోజూ సాయంత్రం గ్రంథాలయానికి వస్తారు. ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాం. పుస్తకం పేరు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఓపిగ్గా టైపు చేశారు. బటన్ మీద మాట చదివారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఇది నేను నొక్కను సార్," అన్నారు. "దినామూ ప్రార్థనలో శోధన వద్దు ప్రభువా అని అడుక్కునేదాన్ని. ఈడకొచ్చి నా చేత్తో నేనే నొక్కేదా?"

చర్చి ప్రార్థనలో శోధన అంటే పాపంలోకి లాగే పరీక్ష. నేను నోట్లో మురుకుతో ఉన్నాను. నస్రీన్ రాసుకుంటోంది. ఎవరూ సాయానికి రాకపోయేసరికి కరుణమ్మ గారు వెనక్కి తిరిగి ఖాదర్ బాషాను పిలిచి, భాయ్, నువ్వు నొక్కు, మీకు పట్టింపు లేదుగదా అన్నారు. అతను వచ్చి నొక్కి వెళ్లాడు.

అదే రోజు రొయ్యల చెరువులున్న రమణయ్య అనే రైతు వచ్చాడు. రొయ్యలు అని కొట్టాడు. ఏమీ రాలేదు. రొయ్యల పెంపకం అన్నాడు, రొయ్యల జబ్బులన్నాడు. సున్నా. మా దగ్గర ఆ పుస్తకాలు నాలుగున్నాయని నాకు తెలుసు. సైట్ పనిచేయడం లేదని నస్రీన్ వైపు కొంచెం గర్వంగా చూశాను. ఆ అమ్మాయి లోపల వెతికి, కేటలాగులో ఆ నాలుగింటికీ విషయం కింద 'కఠినచర్మ జలజీవులు' అని ఉందని చూపించింది. పేర్లలోనూ రొయ్య అనే మాట లేదు. ఆ విషయం పేరు పెట్టింది నేను.

రమణయ్యకు కోపం రాలేదు. "ఇరవై ఏండ్ల నుంచి సాకతా ఉండా. వాటి పేరు ఇదని ఈ పొద్దు తెలిసింది," అన్నాడు.

పాతికేళ్లుగా ఎంతమంది రమణయ్యలు బీరువాల ముందు నిలబడి, లేదనుకుని వెళ్లిపోయారో నాకు తెలియదు. రావు గారి తెలుగు చూసి నవ్వినవాణ్ణి ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర నవ్వలేకపోయాను.

రెండొందల ఇరవై నాలుగో పుట

కరుణమ్మ గారు వెతికిన పుస్తకం ఒక పాత నవల. దాని సంగతి చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా శాఖలన్నిటికీ కొన్న నవల అది. ప్రేమించిన అమ్మాయి ఇంట్లోంచి వెళ్లిపోతుంది. నాయకుడు ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఎవరో తలుపు కొడతారు. 'అతను లేచి తలుపు తీశాడు.' అక్కడితో పుస్తకం అయిపోతుంది. వచ్చింది ఆ అమ్మాయా, మరొకరా, చెప్పడు. మా సంస్థలో ఆ ముగింపుకు గొప్ప పేరు. రావు గారు గ్రంథాలయ వారోత్సవాల్లో దాని మీద ముప్పావు గంట మాట్లాడారు. జీవితంలో ప్రతి తలుపూ ఒక ప్రశ్నే అన్నారు. సిబ్బందికి వ్యాసరచన పోటీ పెట్టారు. అందులో రెండో బహుమతి నాకు వచ్చింది.

కరుణమ్మ గారు ఒక్కరే ఒప్పుకోలేదు. కథ అయిపోలేదు, ఇంకా ఉందని లైబ్రేరియన్‌తో రెండేళ్లుగా పోట్లాడుతున్నారు. ఆధునిక ముగింపు అంటే అలాగే ఉంటుందని ఆయన, తలుపు తీసినవాడు ఎవరొచ్చారో చూడకుండా ఉంటాడా అని ఆమె. ఇంకో శాఖలో ఇంకో ప్రతి ఉంటే తెప్పించుకుందామనే ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఖాదర్ బాషా నొక్కిన తర్వాత నవల వివరాలు తెర మీదకు వచ్చాయి. ఆమె కింద దాకా చదివి ఆగిపోయారు. సంచిలోంచి తన దగ్గరున్న ప్రతి తీసి చివరి పుట చూశారు.

"సార్, దీంట్లో రెండొందల నలభై పుటలని రాసుండాది. నా పుస్తకం రెండొందల ఇరవై నాలుగు కాడనే అయిపోయిందే."

మురుకు నమలకుండానే మింగేశాను. గొంతులో గీసుకుంది.

ఆ రెండొందల నలభై రాసిందీ నేనే. పుస్తకం తెరిచి లెక్కపెట్టి కాదు, పుస్తకంతో వచ్చిన బిల్లు చూసి. కొన్న ప్రతులన్నిటిలోనూ చివరి పదహారు పుటలు కుట్టడం మరిచారు. ఒక వాక్యం సరిగ్గా పూర్తయిన చోట ఆగిపోవడం వల్ల పాతికేళ్లుగా ఎవరికీ అనుమానం రాలేదు. ముప్పావు గంట ఉపన్యాసం, వ్యాసరచన పోటీ, నా బహుమతి, అంతా కుట్టడం మరిచిపోయినవాడి చలవ.

ఇక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పుస్తకం అడిగే చోటికి వెళ్లారు. సమర్పించు అని ఉంది. నేనేం సమర్పించాల, నాకే కదా కావాల్సింది అని గొణుక్కుంటూ నొక్కారు. తెర మీద ఏ మార్పూ లేదు. మళ్లీ నొక్కారు. ఏమీ రాలేదు. పరీక్షలో మేం సాయం చేయకూడదు కాబట్టి చూస్తూ కూర్చున్నాం. పంతొమ్మిది సార్లు నొక్కి లేచారు.

వ్యాను

పరీక్ష కోసం పెట్టిన సైట్ వేరుగా ఉంటుంది, నిజంగా శాఖలకు ఏమీ వెళ్లదు అని నస్రీన్ ముందే చెప్పింది. వెళ్లింది. పుస్తకం పంపమని శాఖలకు పంతొమ్మిది చీటీలు వెళ్లాయి. మా సిబ్బంది మామూలుగా ఉత్తరానికి ఆరు నెలలకు జవాబిచ్చేవాళ్లు, కంప్యూటర్ నుంచి వచ్చిందనేసరికి హడలిపోయి నాలుగు రోజుల్లో ఉన్న ప్రతులన్నీ వ్యానుకెక్కించి పంపారు. ఏడు ప్రతులు దిగాయి. మిగతా పన్నెండు దొరకడం లేదని, క్షమించాలని ఉత్తరాలు.

రావు గారు మమ్మల్నిద్దరినీ పిలిపించారు. ఆయా ఉద్యోగం చేసిన ఆమెకు ఒకే నవల పంతొమ్మిది ప్రతులు ఎందుకు, పుస్తకాల అంగడి పెడుతున్నారా అని అడిగారు. నస్రీన్ నిలబడి, చీటీలు పోకుండా ఆపడం మరిచింది తనేనని, తప్పు తనదేనని చెప్పింది. జరిగిన వారంలోనే తప్పు తనదని ఒప్పుకున్న మనిషిని నా ఉద్యోగంలో నేను చూడటం అదొక్కసారే. నేనైతే పాతికేళ్లు ఆగాను.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. పది రోజుల్లో ప్రారంభోత్సవం. ఒక పెద్దాయన వస్తున్నారు. పరీక్షలు చాలు, సైట్ సులువుగా ఉందని రాసి సంతకం పెట్టమని రావు గారు నా ముందు కాగితం పెట్టారు. నాకు రిటైర్మెంటు నాలుగు నెలలుంది. పెన్షన్ కాగితాలన్నీ ఆయన బల్ల మీదే ఉన్నాయి. పెన్ను మూత తీశాను. తీసి, సార్, మీరొక్కసారి కూర్చుని చూస్తారా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

ఆయన నవ్వి కూర్చున్నారు. సభ్యత్వం ఫారం నింపమన్నాం. పేరు, తండ్రి పేరు, చిరునామా, పిన్‌కోడ్, వృత్తి, అభిరుచులు అన్నీ నింపారు. కింద రెండు బటన్లు. ఒక్క క్షణం ఆలోచించి 'పునఃస్థాపించు' నొక్కారు. ఫారం మొత్తం ఖాళీ అయింది. కరెంటు హెచ్చుతగ్గులు అన్నారు. మళ్లీ అంతా నింపి మళ్లీ అదే నొక్కారు. మూడోసారి అభిరుచులు బాగా తగ్గించి నింపారు. బటన్ల దగ్గరకొచ్చి ఆగి, గొంతు తగ్గించి, ఏది నొక్కాలి పెంచలయ్య గారూ అన్నారు.

నా నోట్లో మురుకుంది. నస్రీన్ కిటికీ బయట కాకిని చూస్తోంది.

ఆయన చాలాసేపు ఆ రెండు మాటల వైపూ చూశారు. రెండూ ఆయన పిల్లలే. తర్వాత నా ముందున్న కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు. మార్చండి అన్నారు.

పునఃస్థాపించు మొత్తంగా తీసేశాం. ఆ బటన్ ఎవరికీ ఎప్పుడూ అవసరం లేదు. శోధించు తీసి 'వెతుకు' అని పెడితే ఖాదర్ బాషా నొచ్చుకున్నాడు. నిన్న పుట్టిన కంప్యూటర్ తనను నువ్వు అంటుందేమిటన్నాడు. 'వెతకండి' అయింది. సమర్పించు స్థానంలో ఏం పెట్టాలో తోచక కరుణమ్మ గారినే అడిగాం. పుస్తకం కావాలంటే నేనేమంటాను, ఈ పుస్తకం నాకు కావాలి అంటాను అన్నారు. అదే పెట్టాం. నొక్కగానే 'మీరు అడిగింది అందింది' అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. కేటలాగులో రొయ్యల్ని రొయ్యలుగా మార్చడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రారంభోత్సవం రెండు నెలలు వెనక్కి వెళ్లింది. ఆ పెద్దాయన అప్పటికీ రాలేదు.

తలుపు అవతల

వ్యానులో వచ్చిన ఏడు ప్రతుల్లో ఆరు మేం కొన్నవే, రెండొందల ఇరవై నాలుగు దగ్గరే ఆగినవి. ఏడోది ముత్తుకూరు వైపు ఒక శాఖకు ఎవరో ఇంట్లోంచి దానంగా ఇచ్చింది. దాంట్లో రెండొందల నలభై ఉన్నాయి.

కరుణమ్మ గారు దాన్ని ఒంటరిగా చదవనన్నారు. రెండేళ్లు తనతో వాదించినవాళ్లంతా వినాలన్నారు. ఒక సాయంత్రం ఆ శాఖలో కూర్చున్నాం. లైబ్రేరియన్, ఖాదర్ బాషా, నస్రీన్, నేను. రావు గారు కూడా కారు వేసుకుని వచ్చారు. ఆయన రావలసిన పని లేదు. వచ్చారు.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, తలుపు తీసిన వాక్యం నుంచి మొదలుపెట్టారు.

తలుపు అవతల ఉన్నది కరెంటు మీటర్ చూసేవాడు.

ఆ తర్వాత పుటన్నర మీటర్ గురించి. తర్వాత మేనమామ వచ్చి ఆస్తి పంపకాలు మాట్లాడతాడు. ఆ అమ్మాయి తిరిగొస్తుంది, ఎందుకొచ్చిందో రాయలేదు. పెళ్లి జరుగుతుంది. విస్తట్లో ఏమేం వడ్డించారో పుట నిండా ఉంది. చివరి రెండు పుటలు యువత దేశానికి ఎలా ఉపయోగపడాలో నాయకుడు చెబుతాడు. మధ్యలో ఖాదర్ బాషా నిద్రపోయాడు. రావు గారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుని నేల చూస్తూ విన్నారు.

కరుణమ్మ గారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆ తలుపు కాడనే ఆపుంటే బాగుండు సార్," అన్నారు, రావు గారి వైపు చూసి.

రావు గారు మెల్లగా తల ఊపారు. ఇంత శ్రమ పడి చివరికి వృథా అయిపోయింది కదా అని నస్రీన్ బాధపడింది.

"వృథా ఏందమ్మా. ఇన్నేండ్లు మీరందరూ చెప్తే విన్నా. ఇప్పుడు బాగలేదని నేనే చదివి తెలుసుకున్నా," అన్నారామె.

ఆ రాత్రి ఆమె పేరు మీద ఉన్న పరీక్ష కాగితం పూర్తి చేశాను. ఫలితం అనే గడిలో, 'కావలసిన పుస్తకం దొరికింది. చదివారు. నచ్చలేదు' అని రాశాను. మరుసటి రోజు రావు గారు అది చూసి, పైకి పంపే నివేదిక కాబట్టి చివరి మాట కొట్టేయమన్నారు. నేను కొట్టలేదు. ఆయనా రెండోసారి అడగలేదు.